అమ్మానాన్నలతో మూడు రోజులా? స్కై వదిలేసి ఆరన్‌కి వెళ్ళండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఉద్యోగం, డ్రైవింగ్ లైసెన్స్ ఉంది కానీ సొంత కారు లేదు. మే నెలాఖరులో అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వస్తున్నారు. నాన్నకు 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి. అమ్మ పూర్తి శాకాహారి. చేతిలో మూడు రోజులున్నాయి. స్కై దీవి చూపించవచ్చా? ఏదైనా కొండ ఎక్కించవచ్చా? తిండి ఎలా?

స్కై వద్దండి. ఆరన్ దీవికి తీసుకెళ్ళండి.

స్కై బాగుండదని కాదు. క్విరైంగ్ కొండచరియలు, ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టార్ అనే రాతి స్తంభం లాంటివి స్కాట్లాండ్‌లో ఇంకెక్కడా లేవు. కానీ గ్లాస్గో నుంచి స్కైలోని పోర్ట్రీ ఊరికి 350 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మధ్యలో ఆగకుండా వెళ్ళినా అయిదు గంటలు దాటుతుంది. మా అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు నేనూ మీలాగే ఉత్సాహపడి రెండు రోజుల్లో స్కై చుట్టేసి తీసుకొచ్చాను. తిరిగొచ్చాక మా పెద్దమ్మ ఫోన్ చేసి "దీవి ఎట్లుందే?" అని అడిగితే మా అమ్మ చెప్పిన జవాబు ఇప్పటికీ చెవిలోనే ఉంది: "కార్ల సీట్లు మెత్తగున్నయ్ అక్కా."

ఆ తర్వాత వాళ్ళు వచ్చిన ప్రతిసారీ ఆరనే. పద్నాలుగేళ్ళుగా గ్లాస్గోలో ఉంటున్నాను, ఆ దీవికి వెళ్ళినన్నిసార్లు సొంతూరు మక్తల్‌కి కూడా వెళ్ళలేదేమో. ఉదయం గ్లాస్గోలో టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి దీవి మీదుంటారు. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు దీనికి మించిన సుగుణం లేదు.

ఆరన్ క్లైడ్ సముద్రపాయలో ఉంది. వైశాల్యం 432 చదరపు కిలోమీటర్లు, జనాభా అయిదు వేల లోపే. చుట్టూ తీరం వెంట తిరిగే రోడ్డు 90 కిలోమీటర్లు. ఉత్తర సగమంతా గ్రానైట్ కొండలు, దక్షిణ సగం పచ్చిక మైదానాలు, పొలాలు. స్కాట్లాండ్‌ను ఎత్తు భూములు, పల్లపు భూములుగా విడదీసే భూభ్రంశ రేఖ (నేల పొరల్లోని పెద్ద పగులు) సరిగ్గా ఈ దీవి మీదుగా పోతుంది. అందుకే దీన్ని 'చిన్న స్కాట్లాండ్' అంటారు. టూరిజం వాళ్ళు అరగదీసిన మాటే అయినా ఇక్కడ అబద్ధం కాదు. పొద్దున కొండల మధ్య వణికి, మధ్యాహ్నం దక్షిణాన ఇసుక ఒడ్డున కూర్చోవచ్చు. కొన్ని ఊళ్ళలో తాటి జాతి చెట్లు కూడా కనిపిస్తాయి. వెచ్చటి సముద్ర ప్రవాహం పుణ్యం. మీ రాజమండ్రి బంధువులు నమ్మకపోతే ఫోటో తీసి పంపమనండి మీ నాన్నగారిని.

ముందు ఓడ సంగతి, ఎందుకంటే టెన్షన్ అంతా అక్కడే. దీవిలో పెద్ద రేవు బ్రోడిక్. ఇటువైపు రేవు ఏదన్నది టికెట్ తీసుకునేటప్పుడే చూసుకోవాలి. ఏళ్ళ తరబడి ఆర్డ్రోసన్ నుంచే వెళ్ళేవి, దాదాపు 55 నిమిషాల ప్రయాణం. 2025 జనవరిలో వచ్చిన గ్లెన్ సానక్స్ అనే కొత్త ఓడ ఆర్డ్రోసన్ రేవులో పట్టదు కాబట్టి ట్రూన్ నుంచి తిరుగుతోంది, గంటంపావు పైన పడుతుంది. (ఈ ఓడను నీళ్ళలోకి దింపింది 2017లో. అప్పటికి పని పూర్తికాక కిటికీల చోట రంగుతో కిటికీలు వేశారు. ఇక్కడి వాళ్ళ దగ్గర ఆ ఓడ పేరెత్తితే అరగంట ఖాయం.) రెండు రేవులకూ గ్లాస్గో సెంట్రల్ నుంచి రైళ్ళున్నాయి. ఒక రేవుకు టికెట్ కొని ఇంకో రేవు దగ్గర దిగినవాళ్ళను నేను కళ్ళారా చూశాను. అందులో ఒకరు మా ఆఫీసు మిత్రుడే.

మనుషులకు టికెట్ సాధారణంగా దొరికిపోతుంది. కారుతో ఎక్కాలంటే మాత్రం వారాల ముందు బుక్ చేసుకోవాలి, మే నెలాఖరు లాంగ్ వీకెండ్ అయితే ఇంకా ముందే. మీ నాన్నగారి మోకాళ్ళ కోసం మూడు రోజులకు కారు అద్దెకు తీసుకుంటే మంచిదే. రోడ్డు ఇరుకు, పడమటి తీరాన గుంతలు ఎక్కువ. గంటకు నలభై కిలోమీటర్లు మించి ఆశ పెట్టుకోకండి. ఓడలో కారుకు చోటు దొరక్కపోతే ఏం పరవాలేదు. ఓడ వచ్చే వేళకు బ్రోడిక్ రేవు పక్కనే బస్సులు నిలబడి ఉంటాయి. 324 ఉత్తరం వైపు, 323 దక్షిణం వైపు, 322 దీవి నడుమ కొండ దారి గుండా పోతాయి. రోజంతా పనిచేసే టికెట్ తీసుకోండి. సాయంత్రం బస్సులు తొందరగా ఆగిపోతాయి, చివరి బస్సు టైము ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంకో మాట. తిరుగు ప్రయాణానికి ఆఖరి ఓడ పెట్టుకోవద్దు. గాలి గట్టిగా వీస్తే ఓడలు ఆగిపోతాయి, అందులో ఎవరి తప్పూ ఉండదు. నేనొకసారి ఆదివారం సాయంత్రం ఆఖరి ఓడ నమ్ముకుని సోమవారం పొద్దున మీటింగు బ్రోడిక్‌లోని ఒక గెస్ట్‌హౌస్ మెట్ల మీద కూర్చుని మాట్లాడాను. ఇండియా విమానం ఉన్న రోజుకు ముందు రోజైతే అసలే వద్దు. మీ అమ్మానాన్నల బీపీ, షుగర్ మాత్రలు రెండు రోజులకు సరిపడా ఎక్కువే పెట్టుకోండి.

ఓడ ఎక్కగానే లోపల కూర్చోబెట్టకుండా పై డెక్‌కు తీసుకెళ్ళండి. ఉత్తరపు కొండలన్నీ కలిసి వెల్లకిలా పడుకున్న మనిషిలా కనిపిస్తాయి: నుదురు, ముక్కు, ఛాతీ మీద చేతులు. 'నిద్రపోతున్న వీరుడు' అంటారు. దగ్గరయ్యే కొద్దీ ఆ మనిషి చెదిరిపోయి విడివిడి కొండలైపోతాడు. మా నాన్న మొదటిసారి కుంభకర్ణుడన్నారు. మా ఇంట్లో ఇప్పుడు ఆ కొండల పేరు అదే.

మొదటి రోజు బ్రోడిక్ చాలు. ఊరికి అటు పక్కన బ్రోడిక్ కోట ఉంది. హామిల్టన్ ప్రభువులది, 1958 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ చేతిలో ఉంది. మేలో వెళ్తున్నారు కాబట్టి తోటలో రోడోడెండ్రాన్ పూలు విరగబూసి ఉంటాయి, అవి చూడటానికే వెళ్ళవచ్చు. కోట లోపల మెట్ల గోడల నిండా వేటాడిన దుప్పుల తలలు, ఎనభైకి పైనే. మా అమ్మ మొదటి మెట్టు దగ్గరే ఆగి "నేను తోటలో కూసుంట, మీరు పోయి రాండ్రి" అంది. మీ అమ్మగారూ అదే అనవచ్చు. తోటలో బెంచీలు చాలానే ఉన్నాయి.

రెండో రోజు ఉత్తరం, పడమర. కోరీ ఊరు దాటాక రోడ్డు సముద్రాన్ని ఆనుకునే పోతుంది. సానక్స్ దగ్గర కొండల మధ్య లోయ తెరుచుకుంటుంది. ఇప్పుడు గొర్రెలు మేస్తున్న ఈ లోయలో ఒకప్పుడు పల్లెలుండేవి. గొర్రెల పెంపకం కోసం కౌలుదార్లను ఖాళీ చేయించారు. 1829లో ఇక్కడి కుటుంబాలు కొన్ని ఓడెక్కి కెనడాలోని క్విబెక్‌కు వెళ్ళిపోయాయి. లోయలో కాస్త దూరం నడిస్తే గడ్డి కింద ఇళ్ళ పునాదుల గుర్తులు కనిపిస్తాయి.

అక్కణ్ణుంచి లాక్‌రాంజా. చిన్న సముద్రపాయ మధ్యలోకి చొచ్చుకొచ్చిన నేల మీద శిథిలమైన కోట. పక్కన గోల్ఫ్ మైదానంలో ఎర్ర దుప్పులు మన ఊళ్ళో బర్రెల్లా తిరుగుతుంటాయి. ముందురోజు తలలు చూసి మొహం తిప్పుకున్న మా అమ్మ ఇక్కడ మాత్రం కదలనంది. దగ్గరికి వెళ్ళకండి, తిండి పెట్టకండి, కారులోంచి చూసినా చాలు. భూగర్భశాస్త్రం చదివిన వాళ్ళెవరైనా మీతో ఉంటే ఇక్కడ ఇంకో తీర్థం ఉంది. 1787లో భూగర్భశాస్త్రవేత్త జేమ్స్ హట్టన్ ఈ ఒడ్డున ఒకదాని మీద ఒకటి వేరే వాలులో కూర్చున్న రాతి పొరలు చూసి, వాటి మధ్య ఎంత కాలం గడిచి ఉంటుందా అని ఆలోచనలో పడ్డాడు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఆ దారి బాగోదు, రాళ్ళమయం.

కాటకాల్ దగ్గర 'పన్నెండుగురు అపొస్తలులు' అనే ఒకే వరస ఇళ్ళున్నాయి. కారు ఆపక్కర్లేదు, నెమ్మదిగా పోనిస్తే చాలు.

ఇక మాక్రీ మూర్, పాతకాలపు నిలువురాళ్ళున్న బీడు. మూడు రోజుల్లో ఒక్కటే చూసే టైముంటే ఇదే చూడండి. రోడ్డు పక్కన కారు ఆపి, పొలాల మధ్య బండి బాటలో దాదాపు రెండు కిలోమీటర్లు నడవాలి. పెద్దగా ఎత్తు ఉండదు. మీ నాన్నగారు మధ్యలో ఆగుతూ ముప్పావు గంటలో వెళ్ళగలరు. బాటకు అడ్డంగా గేట్లుంటాయి, దాటాక తప్పకుండా మూసేయాలి, గొర్రెలుంటాయి. దారిలో ఒకచోట రాతి వలయం కనిపించగానే ఇదేనా అని నీరసపడి వెనక్కి తిరగకండి. చివరిదాకా వెళ్తే, ఎవరూ లేని విశాలమైన బీడులో మూడు ఎర్ర ఇసుకరాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. ఎత్తైనది అయిదు మీటర్లు దాటుతుంది. వెనక కొండలు, పైన మేఘాలు, అంతే. నాలుగు వేల ఏళ్ళ కిందటివి. టికెట్ లేదు, కంచె లేదు, వెళ్ళి చెయ్యి ఆనించవచ్చు.

మా అమ్మ ఒక స్తంభానికి అరచెయ్యి ఆనించి, పైకి కిందికీ చూసి, "ఇవి మన ముడుమాల్ నిలువురాళ్ళే గదరా! ఇంతదూరం ఇది సూద్దామని తీస్కొచ్చినవా?" అంది. నారాయణపేట జిల్లాలో కృష్ణానది పక్కన ముడుమాల్ ఉంది, మా మక్తల్‌కి దగ్గరే. అక్కడి రాళ్ళను 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చారు. ఆ రాళ్ళ మధ్య ఆడుకుని పెరిగిన మనిషికి స్కాట్లాండ్ దీవిలో పుట్టిల్లు దొరికింది. గంటసేపు అక్కణ్ణుంచి లేవలేదు. పడిపోయిన స్తంభంలోంచి తర్వాతి కాలంలో ఎవరో గుండ్రటి తిరగలి రాళ్ళు చెక్కడానికి పూనుకుని, అక్కడే వదిలేసి పోయారు. అవి ఇప్పటికీ గడ్డిలో పడి ఉన్నాయి. అమ్మ ఒకదాని నడిమి బొక్కలో వేలు పెట్టి చూసి "సగంలనే ఇడిసిపెట్టిండు సూడు, ఏం కష్టమొచ్చెనో" అంది. నేను అన్నిసార్లు వెళ్ళి కూడా ఆ రాళ్ళు చెక్కినవాడి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. పక్కనే రెండు వరసల గుండ్రటి వలయం ఉంటుంది. అందులో ఒక రాయికి రంధ్రం ఉంది. ఫింగల్ అనే వీరుడు తన కుక్క బ్రాన్‌ను దానికి కట్టేవాడని కథ.

మూడో రోజు దక్షిణం, త్వరగా ముగించవచ్చు. లామ్లాష్ ఊరి ఎదురుగా హోలీ ఐల్ అనే చిన్న దీవి కనిపిస్తుంది. 1992లో టిబెటన్ బౌద్ధులు కొన్నారు, ధ్యాన కేంద్రం నడుపుతున్నారు, రాళ్ళ మీద బౌద్ధ చిత్రాలుంటాయి. సీజన్లో లామ్లాష్ నుంచి పడవలు వెళ్తాయి కానీ ఎక్కడం దిగడం మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు కష్టం, ఒడ్డునుంచే దండం పెట్టుకోండి. ఇక్కడి సముద్రంలో ఒక భాగంలో 2008 నుంచి చేపలు, పీతలు ఏవీ పట్టకూడదు. స్కాట్లాండ్‌లో అలాంటి నిషేధం ఇదే మొదటిది, ఊరివాళ్ళే పట్టుబట్టి సాధించుకున్నారు. తర్వాత కిల్డోనన్. పోటు తగ్గిన వేళకు వెళ్తే రాళ్ళ మీద సీల్ జంతువులు తలా తోకా పైకెత్తి అరటిపండ్లలా పడుకుని ఉంటాయి. దూరంగా ప్లాడా దీపస్తంభం, ఇంకా దూరంగా బోర్లించిన గిన్నెలాంటి ఎయిల్సా క్రెయిగ్. వింటర్ ఒలింపిక్స్‌లో మంచు మీద జార్చే కర్లింగ్ రాళ్ళు ఆ దీవి గ్రానైట్‌తోనే చేస్తారు.

ఇప్పుడు కొండ ప్రశ్న. గోట్‌ఫెల్ 874 మీటర్లు. మన తిరుమల ఎత్తు దాదాపు అంతే కదా, అలిపిరి మెట్లెక్కిన నాన్నకు ఇదెంత అని మీరు లెక్క వేసుకుంటారని తెలుసు, నేనూ వేశాను. కానీ తిరుపతి ఊరే కొంత ఎత్తులో ఉంది, ఇక్కడ దాదాపు సముద్రమట్టం నుంచి మొదలుపెట్టాలి. పైకప్పున్న మెట్ల దారి లేదు, మధ్యలో సోడా కొట్టు లేదు, పై భాగమంతా బండరాళ్ళ మీద నడక. ఎక్కి దిగడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే అయిదారు గంటలు. దిగేటప్పుడే మోకాళ్ళకు నరకం. మీ నాన్నగారికి వద్దు. బదులుగా బ్రోడిక్ దగ్గరే గ్లెన్ రోసా లోయలోకి తీసుకెళ్ళండి. ఏటి పక్కన చదునైన బాట, ఎంత దూరం నడవాలనిపిస్తే అంత, ఎదురుగా కొండలు. మీకు గోట్‌ఫెల్ ఎక్కాలని మరీ ఉంటే ఇంకోసారి స్నేహితులతో రండి.

తిండి విషయంలో నా సలహా ఒక్కటే. హోటల్ గది కాకుండా వంటిల్లు ఉన్న ఇల్లు తీసుకోండి. బ్రోడిక్‌లో సూపర్‌మార్కెట్ ఉంది. బియ్యం, పప్పు, కారం, ఆవకాయ మీతో తీసుకెళ్ళండి. తాలింపు వేసేముందు కిటికీలు తెరవండి, ఆవాలు చిటపటలాడేలోపే పొగ అలారం మోగుతుంది. మొదటి రోజు ఓడలో తినడానికి పులిహోర కట్టుకుంటే సరి.

బయట తినాల్సివస్తే మీ అమ్మగారి కోసం మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి. స్కాట్లాండ్‌లో లెంటిల్ సూప్ అంటే మన పప్పుచారే అనుకుంటాం. పాత పద్ధతిలో దాన్ని పంది ఎముకలు ఉడికించిన నీళ్ళలో చేస్తారు. నేను అడక్కుండా ఒకసారి అమ్మకు తాగించేశాను, సగం గిన్నె అయ్యాక తెలిసింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అలాగే కొన్ని షాపుల్లో చిప్స్ పశువుల కొవ్వులో వేయిస్తారు. కొన్ని చీజ్‌లలో దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు, ప్యాకెట్ మీద శాకాహారులకు తగినదని రాసి ఉందో లేదో చూడండి. అడిగితే ఎవరూ విసుక్కోరు, ఓపిగ్గా చెప్తారు. ఇష్టంగా తినేది ఒకటుంది, టాబ్లెట్. "ఇక్కడ టాబ్లెట్ బాగుంటుంది నాన్నా" అంటే, రోజూ అయిదు మాత్రలు మింగే మా నాన్న నన్ను అదోలా చూశారు. చక్కెర, వెన్న, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి చేసే మిఠాయి అది. రవ్వరవ్వగా మన పాలకోవాకు చుట్టంలా ఉంటుంది. షుగర్ ఉంటే చిన్న ముక్కే.

మే నెలాఖరు మంచి ఎంపిక. మిడ్జ్ అనే కుట్టే నుసుములు అప్పటికి ఇంకా పూర్తిగా విజృంభించవు, జూన్ మధ్య నుంచి గాలి లేని సాయంత్రాల్లో చుక్కలు చూపిస్తాయి. గడ్డిలో, ఫెర్న్ మొక్కల్లో పిడుదు పురుగులుంటాయి. ప్యాంటు సాక్సులోకి దోపుకుని నడిచి, రాత్రికి కాళ్ళు ఒకసారి చూసుకోవాలి. వాటి వల్ల లైమ్ వ్యాధి వచ్చే ప్రమాదం ఉంది. పగలు 15 డిగ్రీలు ఉంటే ఎండాకాలం కిందే లెక్క, స్వెటర్లు తప్పనిసరి. రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుగుంటుంది. మా అమ్మ సందెదీపం ఎప్పుడు పెట్టాలో తెలియక చివరికి పది గంటలకు పెట్టి, పెట్టిన వెంటనే పడుకుంది. కిటికీలకు మందపాటి కర్టెన్లున్న ఇల్లు చూసుకోండి, లేకపోతే తెల్లవారుజామున నాలుగున్నరకే మీ నాన్నగారు కాఫీ అడుగుతారు.

వాన మూడు రోజుల్లో ఒక్కసారైనా పడుతుంది. గొడుగులు మాత్రం గ్లాస్గోలోనే వదిలేసి టోపీ ఉన్న రెయిన్‌కోట్లు తెచ్చుకోండి. మా నాన్న మక్తల్ నుంచి మోసుకొచ్చిన నల్ల గొడుగు బ్రోడిక్ రేవు మీద తెరిచీ తెరవగానే కలువపువ్వులా పైకి విచ్చుకుంది. ఊచలన్నీ వంగిపోయాయి. పారేద్దామంటే ఒప్పుకోలేదు, బాగు చేయించుకుంటానని మళ్ళీ మక్తల్ తీసుకెళ్ళారు.